తిరుపాలు కలువాయి పోలేదు

ఉదయగిరి,
9 ఫిబ్రవరి 2025

జనార్దనా,

నేను చచ్చిపోయానన్న సంగతి నిన్ననే తెలిసింది. బస్టాండు దగ్గర టీ తాగుతూ తలెత్తితే ఎదురుగా నా ఫ్లెక్సీ. పన్నెండడుగులు ఉంటుంది. చుట్టూ పూలదండ, కింద రెండు దీపాలు, 'ఫుట్‌బాల్ సింహం తిరుపాలుకు అశ్రునివాళి' అని అక్షరాలు. మొహం మాత్రం నాది. మన 1984 గ్రూపు ఫొటోలోంచి కత్తిరించినట్టున్నారు, గోల్‌కీపరు తొడుగులు కూడా కనబడుతున్నాయి. ఎడమ కాలితో గోల్స్ కొట్టినవాడికి చేతులకు తొడుగులెందుకని అడిగినవాడు ఒక్కడూ లేడు. పక్కన నాకు రెట్టింపు సైజులో నువ్వు దండం పెడుతున్నావు. అది మాత్రం బాగా కుదిరింది.

తిరుపాలు పెళ్లాం మాలకొండమ్మ కూడా చూసిందట. పదకొండో రోజు కర్మకు వెళ్తే నన్ను ఎగాదిగా చూసి, పక్కనున్నవాళ్ల చేత నా ఎడమ చెవిలో అరిపించింది: "నువ్వెప్పుడు సచ్చినావు జోయలన్నా? మాకు కబురన్నా పెట్టకపోతివే!" భర్త పోయి పదకొండు రోజులైన మనిషి. ఆ మాటకు అక్కడందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరాలేంటని విసుక్కోకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. పైగా నలభై ఏళ్లు ఊరి ఉత్తరాలు మోసినవాణ్ణి, నాకంటూ నాలుగు రావద్దా? ఇంకొకటి. పదిమందిలో నిన్ను 'అయ్యా' అంటాను, కాగితం మీద 'రా' అంటాను. చెవుడొచ్చాక కాగితమే మిగిలింది కాబట్టి నాకిప్పుడు 'రా' యే మిగిలింది.

సాగనంపడానికి దుత్తలూరు, సీతారాంపురం నుంచి కూడా జనం వచ్చారు. వింజమూరు టీములో బ్యాక్ ఆడినాయన, మనవాడి దెబ్బకు పదేళ్లు తలెత్తుకోలేకపోయినాయన, పాడె పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఒక్కటే గుర్తొచ్చింది. కొండ కింద బయల్లో గొర్రెల్ని ఆపడానికి తిరుపాలు పళ్లసందుల్లోంచి ఈల వేసేవాడు కదా. ఆటలోనూ అదే ఈల. అది వినబడితే చాలు, నేను చూడకుండానే బంతిని ఎడమ వైపు విసిరేవాణ్ణి. వాడు అక్కడే ఉండేవాడు.

నువ్వు రాలేదు. ఫ్లెక్సీ వచ్చింది.

జోయల్


ఆత్మకూరు,
20 ఫిబ్రవరి 2025

మిత్రుడు జోయల్‌కు,

నీ ఉత్తరం అందింది. నువ్వు బతికే ఉన్నందుకు సంతోషం.

ఫ్లెక్సీ పొరపాటుకు కమిటీ తరఫున విచారం తెలియజేస్తున్నాను. తప్పు నిజానికి తిరుపాలుదే. ఉన్నదొక్క ఫొటో, ఫొటోగ్రాఫరు 'రెడీ' అనగానే తల పక్కకు తిప్పాడు, మొహం మసకబారింది. కుర్రవాళ్లు స్పష్టంగా ఉన్న మొహాన్ని తీసుకున్నారు. మాలకొండమ్మను అడిగి మంచి ఫొటో ఒకటి పంపు.

కమిటీ అంటే తిరుపాలు స్మారక కమిటీ. అధ్యక్షుడిగా నన్నే ఉండమన్నారు. వద్దన్నాను, వినలేదు. మే 4వ తేదీన ఆత్మకూరు మైదానంలో టోర్నమెంటు మొదలు. ఆ సాయంత్రం సంస్మరణ సభ. ఫైనల్ మే 25న. గెలిచిన జట్టుకు షీల్డు. షీల్డు పేరులో మా నాయనగారి పేరు ముందు, తిరుపాలు పేరు వెనక ఉండాలని సభ్యులు పట్టుబట్టారు. పెద్దల మాట కాదనలేకపోయాను.

సావనీరు కూడా వేస్తున్నాం. నువ్వు రెండు పేజీలు రాయాలి. 1984 ఫైనల్లో రెండు గోల్స్ కొట్టి కావలి జట్టును ఓడించింది రాయి. స్టేట్ సెలక్షన్‌కు పిలుపు వస్తే పట్టించుకోకుండా గొర్రెలు తోలుకుని మేతకు కలువాయి వైపు వెళ్లిపోయిన ముచ్చట తప్పకుండా రాయి. అది ఎన్నిసార్లు చెప్పినా జనం నవ్వుతారు. నేను మైకులో ఇప్పటికి పది సభల్లో చెప్పి ఉంటాను.

ఆరోగ్యం జాగ్రత్త.

జనార్దనయ్య


ఉదయగిరి,
7 మార్చి 2025

జనార్దనా,

వద్దన్నావా? ఎవరితో, అద్దంతోనా?

ఫొటో కోసం తిరుపాలు ఇంటికి వెళ్లాను. ఆధార్ కార్డు మీదున్న మొహం తప్ప ఇంకొకటి లేదు. అందులో తిరుపాలు దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా ఉన్నాడు. అంటే మనందరిలాగే ఉన్నాడు. దాన్నే సెల్లులో తీయించి పంపిస్తున్నాను.

వెళ్లింది ఫొటో కోసం గానీ తెచ్చుకున్నది వేరు. నీకు చెప్పక తప్పదు.

వాడి కొడుకు పెంచలయ్య జీవాల కొట్టం దగ్గర ఉన్నాడు. నాతో మాట్లాడాలంటే అరవాలి కదా, అందుకని పెంచలయ్య కూతురు దివ్యశ్రీ సైన్సు నోటుబుక్కు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఎవరేమంటే అది అన్నది అన్నట్టే రాసి చూపిస్తుంది. ఎనిమిదో తరగతి. తాత కాలు ఈ పిల్లకు వచ్చిందిరా, అదీ ఎడమ కాలే. నెల్లూరులో ఆడించి చూసి, వేరే జిల్లాలో ఉన్న ఆటల హాస్టలుకు ఎంపిక చేశారు. జూన్‌లో చేరాలి. తండ్రి సంతకం కావాలి. తండ్రి పెట్టనంటున్నాడు.

ఎందుకు పెట్టవురా అని అడిగాను. వాడు చెప్పింది ఆ పిల్లే రాసింది, తన గురించే అయినా ఒక్క ముక్క మార్చకుండా రాసింది. ఇదిగో:

"మా నాయనకి పిలుపొస్తే ఏం జేసినాడు మామా? గొర్రెలెనకాల కలువాయి పోయినాడు. పోనీ పోయినాననన్నా ఒప్పుకున్నాడా? నాకసలు కార్డే రాలేదని సచ్చేదాకా అబద్ధం చెప్పినాడు. మాది నిలబడే రక్తం గాదు. ఈ పిల్లని అంత దూరం పంపితే మధ్యలో ఇడ్చిపెట్టొస్తాది. ఊరంతా మళ్లా కలువాయి కలువాయి అని నవ్వాలనా?"

వాడన్నది నిజం. మా వైపు పని ఎగ్గొట్టినవాణ్ణి ఏమంటారో తెలుసా? 'కలువాయి పోయినాడు' అంటారు. బడికి రాని పిల్లల్ని కూడా పంతులు అదే అంటాడు. పెంచలయ్య చిన్నప్పుడు బళ్లో ఆ మాట పడీ పడీ చదువు మానేశాడట. ఆ మాట పుట్టించినవాడికి సావనీరులో ఒక పూర్తి పేజీ ఫొటో వేయాలి. వేస్తున్నావులే, నాకు తెలుసు.

రెండు పేజీలు రాస్తాను. కలువాయి సంగతి మాత్రం రాయను. నువ్వూ తీసెయ్. ఎందుకో నీకు తెలుసు.

జోయల్


ఆత్మకూరు,
18 మార్చి 2025

జోయల్‌కు,

'ఎందుకో నీకు తెలుసు' అని రాశావు. నాకేమీ తెలియదు.

నలభై ఏళ్ల కిందటి సంగతి. ఆ టీముకు బంతి కొనిచ్చింది మా నాయన. అందరినీ లారీలో ఊరూరూ తిప్పింది మా నాయన. కప్పు గెలిచినరోజు తిరుపాలును పూలతో ముంచెత్తిన ఊరేగింపు మా ఇంటి ముందే మొదలైంది. వాడు బతికున్నంతకాలం మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అననివాడి తరఫున నువ్వెందుకు మాట్లాడుతున్నావో అర్థం కావడం లేదు.

ఆ పిల్ల విషయం వాళ్ల ఇంటి విషయం. కావాలంటే సభలో శాలువా కప్పుతాం.

ఇంకొక మాట. నువ్వు పాతవి తవ్వాలనుకుంటే ముందు ఒకటి గుర్తు తెచ్చుకో. ఆ కార్డు నా చేతిలో పెట్టిందెవరు? నేను పోస్టాఫీసుకు వచ్చి తీసుకోలేదు కదా.

సావనీరు అచ్చుకు వెళ్లిపోయింది. నీ రెండు పేజీలు ఇక అక్కర్లేదు. సభలో మాట్లాడేవాళ్ల జాబితాలో నీ పేరుంది. ఐదు నిమిషాలు.

జనార్దనయ్య


ఉదయగిరి,
2 ఏప్రిల్ 2025

జనార్దనా,

కార్డు సంగతి నీ అంతట నువ్వే ఎత్తావు. సంతోషం. పది సభల్లో నీ నోట రాని మాట, కోపం తెప్పిస్తే కాగితం మీద వచ్చింది. ఇంక నేను దాచేదేముంది?

అప్పటికి నేను తపాలా ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. నెల్లూరు నుంచి కార్డు వచ్చింది. తిరుపాలు ఆదివారం పొద్దున ఎనిమిదికి నెల్లూరు మైదానంలో ఉండాలి, ఎంపికైతే అక్కడినుంచే హైదరాబాదు క్యాంపుకు వెళ్లాలి. వాడికి చదువు రాదు, కెప్టెనువు నువ్వు, నువ్వే చదివి చెబుతావని నీ చేతికిచ్చాను. అది నా మొదటి తప్పు. ఎవరి కార్డు వాళ్ల చేతిలో పెట్టాలన్నది ఉద్యోగంలో మొదటి రోజు చెప్పే పాఠం.

నువ్వు చదివి జేబులో పెట్టుకున్నావు. "వాడు క్యాంపుకు పోతే మనకు ఫైనల్ యాడిది రా? ఫైనల్ అయిపోనీ. తర్వాత నేనే నెల్లూరు తోడుకోనిపోయి చూపిస్తా" అన్నావు. నేను సరేనన్నాను. మీ నాయన మాట మీద ఉద్యోగం వచ్చింది కాబట్టి భయపడ్డానని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకూ కప్పు కావాలి. వాడు లేకుండా కప్పు రాదు. అంతే.

ఇది నీకు తెలిసిందే. నీకు తెలియనిది ఇప్పుడు రాస్తున్నాను.

శుక్రవారం సైకిలు మీద వస్తుంటే వాడు గొర్రెల్ని రోడ్డు మీదే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, నెల్లూరు నించి నాకేమన్నా కార్డొచ్చిందా?" అని అడిగాడు. "రాలేదురా" అన్నాను. "సరేలే, వచ్చే వారమొస్తాది" అని నవ్వి వెళ్లాడు. మళ్లీ సోమవారం అడిగాడు. మళ్లీ గురువారం అడిగాడు. ఫైనల్ రోజు బూట్లు కట్టుకుంటూ కూడా అడిగాడు. నాలుగుసార్లు లేదన్నాను. ఆ మధ్యాహ్నం రెండు గోల్స్ కొట్టాడు. వాణ్ణి భుజాల మీద మోసిందెవరు జనార్దనా? కుడి వైపు నువ్వు, ఎడమ వైపు నేను.

నెల్లూరు వాళ్లు కబురు పంపితే రాలేదేమని అడిగినప్పుడు 'గొర్రెలు తోలుకుని కలువాయి పోయినాడు' అని నువ్వన్నావు. కార్డు రాలేదని వాడన్నాడు. అందరూ నా వైపు చూశారు. పోస్టుమ్యాను నోరు మూసుకుంటే కార్డు అందినట్టే కదా. మూసుకున్నాను.

మే 4న చెబుతాను. నీ పేరుతో సహా. నా పేరుతో మొదలుపెట్టి. నీ ఐదు నిమిషాలు నాకు చాలవు.

జోయల్


ఉదయగిరి,
7 మే 2025

జనార్దనా,

చెప్పేశాను.

ఇంత తేలికని తెలిస్తే ముప్పై ఏళ్ల కిందటే చెప్పేవాణ్ణి. ఏడుగురు వక్తలు ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటూ పోతుంటే సభ తిరుపాలుదా, శాలువాలదా అనిపించింది. నా వంతు వచ్చేసరికి ఎండ దిగిపోయింది. మైకు కడ్డీ రెండు చేతులా పట్టుకున్నాను. కానీ ఒక్కసారి నోరు తెరిచాక ఆగలేదు. ఇరవై నిమిషాలు మాట్లాడి ఉంటాను. కార్డు, జేబు, నాలుగుసార్లు లేదనడం, కలువాయి, ఒక్కటీ వదల్లేదు. మధ్యలో నాకు ఏడుపొచ్చింది కూడా.

ఒకటి మెచ్చుకోవాలి. నువ్వు కదల్లేదు. నేను నీ పేరు చెప్పినప్పుడు కూడా కుర్చీలో అలాగే చిన్నగా నవ్వుతూ కూర్చున్నావు. నువ్వింత గుండెగలవాడివని అనుకోలేదు, ఇన్నాళ్లూ ఎగతాళి చేసినందుకు ఏమనుకోకు. జనం కూడా చివర్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తప్పు ఒప్పుకున్నవాడికి చప్పట్లు కొట్టే ఊరు మనదని నేనెప్పుడూ అనుకోలేదు.

పెంచలయ్య మాత్రం మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. కోపమొచ్చి ఉంటుంది, రాకపోతేనే తప్పు. మూడు రోజులైంది, వాళ్ల నుంచి ఏ కబురూ లేదు. నేనుగా ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లడం లేదు. నువ్వయినా రాయి. సభ తర్వాత వాళ్లేమన్నారు? పిల్లకు సంతకం పెడతాడా?

గుండె మీంచి బండ దిగింది. నీకూ దిగే ఉంటుంది.

జోయల్


ఆత్మకూరు,
12 మే 2025

జోయల్,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను.

నీ మాటలు ఎవరూ వినలేదు.

'నేను గోల్‌కీపర్ని, నాకు తిరుపాలు ఇరవై ఏళ్ల వయసు నుంచీ తెలుసు' అన్నంతవరకు వినబడింది. 'ఒక కార్డు' అనగానే నేను మైకతనికి సైగ చేశాను. అతను వైరు పీకేశాడు. ఎవరికీ అనుమానం రాకుండా వేదిక వెనకున్న బ్యాండు మేళాన్ని కూడా మొదలుపెట్టమన్నాను. చెవులు పోయాక నీ గొంతు ఎంత వస్తోందో నీకు తెలియదు. గొణుగుతున్నట్టు వస్తుంది. ముందు వరుసలో వాళ్లకు కూడా నీ పెదవులు కదలడం తప్ప ఇంకేమీ తెలియలేదు. జనం లేచి చప్పట్లు కొట్టింది నీ వెనక నుంచి రెండు జట్లూ మైదానంలోకి పరిగెత్తుకొచ్చినందుకు. పెంచలయ్య వెళ్లింది నీళ్ల డ్రమ్ము దగ్గరికి.

నేను నవ్వుతూ కూర్చున్నానన్నావు. నిజమే. నీకు ఏమీ తెలియడం లేదని నవ్వాను.

ఇదంతా నీకు చెప్పకపోయినా నాకు నష్టం లేదు. నువ్వు చెప్పేశాననుకుంటూ సుఖంగా ఉండేవాడివి. వాళ్లు ఏమీ తెలియక ఎప్పటిలాగే ఉండేవాళ్లు. అలాగే వదిలేద్దామనుకున్నాను. కానీ సభ అయ్యాక మాలకొండమ్మ నా దగ్గరికి వచ్చింది. "జోయలన్న నోరు కదిలింది గానీ మాట రాలేదయ్యా. ఏంది చెప్పినాడు?" అని అడిగింది.

"మీ ఆయన ఆట గురించి గొప్పగా చెప్పాడమ్మా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, "గొప్పగా చెప్పేటోడు అట్టా ఏడవడు గదా" అంది. అని వెళ్లిపోయింది.

ఎనిమిది రోజులుగా అన్నం ముందు కూర్చున్నా ఆ మాటే. నలభై ఏళ్లు పంచాయతీల్లో కూర్చున్నాను. ఎవరి అబద్ధం ఎక్కడుందో మొహం చూసి చెప్పేవాణ్ణని పేరు. చదువు లేని ఆ మనిషి ఒక్క చూపుతో నన్ను పట్టుకుంది.

ఏం చేయమంటావో రాయి.

జనార్దనయ్య


ఉదయగిరి,
15 మే 2025

ఒరే జనార్దనా,

చెవిటివాడి మాట కూడా దొంగిలించావు కదరా.

వాడి కార్డు దాచావు, నా నోరు దాచావు, ఇంక దాచడానికి నీ దగ్గర చోటెక్కడుంది? పది రోజులు ఊళ్లో తల ఎత్తుకుని తిరిగాను. కనబడినవాడికల్లా దండం పెట్టాను. వాళ్లు పాపం ముసలాయనకి మతి కూడా పోతోందనుకుని ఉంటారు.

నేను వెళ్లి చెప్పగలను. కానీ నేను వెళ్లను. నేను ఒకసారి చెప్పాను, దాన్ని నువ్వు చెరిపావు. ఇంక నీ వంతు. కారు దిగి, కండువా లేకుండా, కమిటీవాళ్లు లేకుండా వెళ్లు. శాలువా పట్టుకుని వెళ్లావంటే ఆ శాలువాతోనే మాలకొండమ్మ జీవాల కొట్టం ఊడుస్తుంది.

హాస్టల్లో చేరడానికి గడువు జూన్ రెండో వారం. నువ్వు ఉపన్యాసాలు తయారు చేసుకుంటూ కూర్చుంటే ఆ పిల్ల కార్డు కూడా నీ జేబులోనే ఉన్నట్టు లెక్క.

జోయల్


ఆత్మకూరు,
22 మే 2025

జోయల్,

మంగళవారం వెళ్లాను. ఒక్కణ్ణే.

మాలకొండమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తోంది. పెంచలయ్య మంచం వాల్చి కూర్చోమన్నాడు. కూర్చోలేదు. పది నిమిషాల మాటలు తయారు చేసుకుని వెళ్లాను, నీకు ఎలా తెలిసిందో గానీ. అవేవీ నోటికి రాలేదు. కార్డు వచ్చింది, నేను చించేశాను, మీ నాయన కలువాయి పోలేదు, ఆ మాట నేను పుట్టించాను అన్నాను. అంతటితో అయిపోయింది. నలభై ఏళ్ల సంగతి, నిమిషం పట్టలేదు.

పెంచలయ్య నన్ను కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. నేల చూస్తూ అన్నాడు: "మంచంలో ఉన్నప్పుడు మా నాయన నన్ను పిలిచినాడయ్యా. 'నాకు కార్డు రాలేదురా, నువ్వన్నా నమ్ము' అన్నాడు. 'ఇంక చాల్లే నాయనా, ఎన్నిసార్లు చెప్తావు' అన్నా. మళ్లా ఆయన మాట్లాడలేదు. అదే ఆఖరు."

అని లేచి, వేళ కాకపోయినా మేకల్ని విప్పుకుని బయటికి వెళ్లిపోయాడు.

నేను మాలకొండమ్మతో క్షమించమన్నాను. ఆమె చేతిలో కాయలు ఒలవడం ఆపలేదు. "ఇంట్లో గుట్టుగా చెప్పి పోతే సరిపోతాదా అయ్యా? కలువాయి మాట యాడ చెప్పినారు మీరు? మైకులో గదా. ఇది గూడా మైకులోనే చెప్పండి. ఈసారి వైరు ఉండాదో లేదో చూసుకొని చెప్పండి" అంది.

వైరు సంగతి ఆమెకెవరు చెప్పారో నాకు తెలియదు. మైకతను వాళ్ల బంధువుల పల్లెవాడేనట.

ఆదివారం ఫైనల్. బహుమతులు ఇచ్చేముందు మాట్లాడతాను. షీల్డు మీద మా నాయన పేరు తీయించాను. చెక్కిన అక్షరాలు పూర్తిగా పోలేదు, గీతలు కనబడుతున్నాయి. తమ్ముళ్లు నాతో మాట్లాడడం మానేశారు. సావనీర్లు నాలుగు కట్టలు మా వరండాలో ఉన్నాయి, పంచవద్దన్నాను.

నువ్వు రా. మైకతని పక్కన కూర్చో.

జనార్దనయ్య


ఉదయగిరి,
16 జూన్ 2025

జనార్దనా,

ఫైనల్ రోజు నీకు ఏమీ చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాను. రాద్దామంటే ఇన్నాళ్లూ చెయ్యి రాలేదు. తిట్టడం అలవాటైన చేతికి ఇంకోటి రాయడం కష్టం.

మైకతని పక్కనే కూర్చున్నాను. నువ్వు చెప్పిందంతా దివ్యశ్రీ రాసింది. ఇప్పుడు ఆ పేజీ నా ముందే ఉంది. నువ్వు ఆగిన చోటల్లా పిల్ల చుక్కలు పెట్టింది. చాలా చుక్కలున్నాయిరా. 'తిరుపాలు అబద్ధం చెప్పలేదు' అన్న చోట ఒక వరస నిండా చుక్కలే. నా పేరు కూడా చెప్పావు. నాలుగుసార్లు లేదన్న సంగతి చెప్పకుండా నన్ను కాపాడబోయావు. 'జోయల్‌కు నేనే చెప్పవద్దన్నాను' అన్నావు. అబద్ధాలు మానేస్తానని మైకు పట్టుకుని కూడా ఒకటి ఆడావు, నీ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ ముక్క పక్కన 'ఇది తప్పు, వాడు అడిగితే నాలుగుసార్లు లేదన్నది నేనే' అని రాసి, పిల్ల చేత వాళ్ల నాయనకు చూపించాను.

జనం చప్పట్లు కొట్టలేదు. అది నేను కళ్లతో చూశాను. వింజమూరు బ్యాక్ ఒకాయన ఉన్నాడని చెప్పానే, ఆయన లేచి నీ వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు. నువ్వు తల దించుకుని బహుమతి ఇవ్వకుండానే వేదిక దిగావు. దిగుతున్నప్పుడు నీకు చెయ్యి అందించినవాడు లేడు. నేను లేచేసరికి నువ్వు మెట్లు దిగేశావు.

పెంచలయ్య సంతకం పెట్టాడు. గడువుకు రెండు రోజుల ముందు. తనే వెంటబెట్టుకుని వెళ్లి పిల్లను హాస్టల్లో దించి వచ్చాడు. మొదటి రోజు ఆటలో వాళ్లు పేరు అడిగితే 'తిరుపాలు మనవరాలు దివ్యశ్రీ' అని చెప్పిందట. అక్కడ ఆ పేరు ఎవరికీ తెలియదు. అయినా చెప్పిందట. ఊళ్లో కూడా ఒక మార్పు వచ్చింది. నిన్న టీ కొట్లో ఎవడో పని ఎగ్గొట్టినవాణ్ణి 'కలువాయి పోయినాడు' అన్నాడు, పక్కవాడు వాడి చెయ్యి నొక్కాడు. ఆ మాట పోవడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. మనిద్దరం చూస్తామనుకోను.

శనివారం వాళ్ల ఇంటికి వెళ్లాను. మాలకొండమ్మ వాకిట్లో ఉంది. నేను చేతులు జోడించాను. ఆమె ఏదో అంది. నాకు వినబడలేదు. ఆమె పెంచలయ్యను పిలిచింది, వాడు వచ్చి, ఆమె చెబుతుంటే ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఇది ఆమె మాట, నీకూ కలిపి చెప్పింది:

"రావద్దని అనను జోయలన్నా. మా ఆయనకి మీరిద్దురూ అంటే ప్రాణం, నా ఇంటి వాకిలి మీకు మూసేదానికి నాకు మనసు రాదు. కూర్చోమని మాత్రం అనను."

పెంచలయ్య మంచం వాల్చలేదు. ఆమె తన పనిలో తను పడింది. మేకలు వచ్చాయి, కట్టేశారు. పొయ్యి వెలిగించారు. నేను గడప ఇవతల గంటసేపు నిలబడి వచ్చాను. మళ్లీ శనివారం వెళ్తాను.

నువ్వు ఎప్పుడు వస్తావో రాయి. ఇద్దరం నిలబడడానికి చోటు సరిపోతుంది.

జోయల్